ఊడ్చిన మబ్బు

సావ్ విసెంట్ దీవిలో, సలమాన్సా బడిలో
ఊడ్చేవాణ్ణి నేను.
పదకొండేళ్లుగా గాలి తెచ్చిపోస్తుంది,
నేను ఎత్తిపోస్తాను.
మా ఇద్దరికీ అదో ఒప్పందం.

జూన్‌లో జుల్మీరా టీచరు నా బుట్టకి అడ్డమొచ్చింది.
"ప్లాస్టిక్ సీసాలు పారెయ్యకు అర్మిందూ, పిల్లలకి కావాలి."
అలలు ఒడ్డుకి తోసినవి, పెళ్లిళ్లలో తాగి విసిరినవి,
ఏ దేశపు నీళ్లో, ఏ భాష అక్షరాలో,
నూట ఎనభై దాకా కడిగారు,
సముద్రం నీళ్లతోనే.
మంచినీళ్లు కొనుక్కునే ఊరు మాది.

ఏం చేద్దామంటే ఒకడు తిమింగలమన్నాడు,
ఇంకొకడు విమానం.
చివరి బల్ల మీద గోళ్లు కొరుక్కుంటున్న నెలీదా
"మబ్బు" అంది.
తరగతి కాసేపు ఊరుకుంది.
చిన్నతరగతుల వాళ్లకి నిండు మబ్బంటే
పుస్తకంలో బొమ్మే మరి.

రంగు దగ్గర తగువు.
తెల్లమబ్బు ఊరికే పోతుంది, నల్లదే కురుస్తుందని
పడవవాళ్ల మనవడు ఇవాంద్రు తేల్చేశాడు.
రంగుకి డబ్బుల్లేవు.
వంటింటి మసి నేనే గీకి, గంజిలో కలిపిచ్చాను.

పూసేముందు ఎవరి సీసా మీద వాళ్లు
మేకుతో పేరు చెక్కుకున్నారు.
ఆ మీద మసి.
చిరిగిన వలకి అన్నీ కట్టి, వరండా చూరుకి
నేను నిచ్చెనెక్కి వేలాడదీశాక
"నాదేది? నాదేది?"
మెడలు పట్టేసేదాకా వెతికారు.
వారానికి అడగడం మానేశారు.
"మా మబ్బు కింద ఉంటా, రా" అనుకోవడం విన్నాను.

సెప్టెంబరులో ఒక రాత్రి, వాన.
అరగంటే. రేకుల మీద శనగలు గుమ్మరించినట్టు.
చొక్కా లేకుండా లేచి బడికి పరిగెత్తాను,
మబ్బుకేమవుతుందో అని.
ఈ వయసులో!

తెల్లారి పిల్లలొచ్చేసరికి
మసంతా కారిపోయి
సీసాలు తేటగా వెలుగుతున్నాయి.
మేకు గీతల్లో మాత్రం నలుపు నిలిచింది.
నూట ఎనభై పేర్లు, ఆకాశం మీద రాసినట్టు.
ఎవరూ తమది వెతుక్కోలేదు.
ఇవాంద్రు నెలీదా పేరు చదివాడు,
నెలీదా ఇంకెవరిదో,
అలా ఒకరిదొకరు, అరుస్తూ.

ఒకచోట ఆగారు.
"ఇదెవరు? అర్మిందు... మన తరగతిలో లేడే!"
నేను చీపురు మార్చుకుని
అటు తిరిగి ఊడవసాగాను.

కింద నేలంతా నల్లటి చారలు.
కడగాలంటే రెండు బిందెల నీళ్లు.
ఇవాళ్టికి ఉండనీ.