వఫ్రాలో కౌజుల షెడ్డు

రేకుల కప్పు కింద ఇంకో కప్పు కట్టినాను,
పాత గోనెసంచులు కుట్టి.
కౌజు బెదిరితే పక్కకు పరిగెత్తదు,
నిట్టనిలువునా లేస్తుంది.
నెత్తి పగిలి చచ్చిన మొదటి నలభై పిట్టలే
నాకీ కుట్టుపని నేర్పింది.

ఎనిమిది వందల పెట్టలు.
కువైట్ పగలు ఎంత మండినా వాటికి చాలదు,
గుడ్డుకు రావాలంటే పదహారు గంటల వెలుగుండాల.
పొద్దు గుంకినాక బల్బు డ్యూటీ ఎక్కుతుంది.
పొదగడం మాత్రం ఏ పెట్టకూ గుర్తు లేదు.
పెట్టి, మర్చిపోయి, మేతకాడికి పోతుంది.
పదిహేడు దినాలు తల్లిపని చేసేది
మూల ఉండే పెట్టె, దాని లోపలి ఫ్యాను,
రాత్రి రెండుసార్లు లేచి నీళ్లు పోసే నేను.

నాకు చదువు రాదు.
సివిల్ ఐడీ కాడ బొటనవేలు, బ్యాంకు కాడ బొటనవేలు.
కౌజు మాత్రం ప్రతి గుడ్డు మీదా సంతకం పెడుతుంది.
ఒకదాని పొడలు ఇంకోదానికి రావు.
మూడో వరస చివరిది సిరాబుడ్డి ఒలకబోస్తుంది.
దాని పక్కది పిసినారి,
ఆవగింజలంత నాలుగు చుక్కలు, అంతే.
ఏ దినం ఎవరు నాగా పెట్టినారో
ట్రే చూసి చెప్తాను, పేరుపేరునా.

శుక్రవారం మా అర్బాబు పికప్‌లో మంగాఫ్‌కు పోతాను.
నెనిటా మూడు ట్రేలు తీసుకుంటుంది.
"పుగో" అంటుంది.
ఉడకబెట్టి, ఒలిచి, నారింజ రంగు పిండిలో ముంచి కాలుస్తుంది.
ఒకటి పుల్లకు గుచ్చి నాకిచ్చింది.
మన మిరపకాయ బజ్జీకి పినతల్లి బిడ్డే,
కాకపోతే వెనిగర్‌లో తానం చేసొచ్చింది.
కుంజాలి "కాడ" అంటాడు,
లెక్కపెట్టకుండా దుడ్డిచ్చి
మరునాడు ఫోన్ చేసి రెండు తక్కువంటాడు.
చైనా వంటాయన ఏమీ అనడు.
ఉడికిన గుడ్డును చెంచాతో అక్కడక్కడా చిట్లగొట్టి
టీ నీళ్లలో ఊరేస్తాడు.
పెంకు తీసి చూపించినాడు ఒకసారి:
తెల్లసొన మీద సన్నటి గోధుమరంగు గీతలు.
వాన తప్పిన ఏడు మా రాయచోటి పక్క
నెర్రెలిచ్చిన మడి నా అరచేతిలో ఉండింది.
తిన్నాను. బాగుంది.

ఈజిప్టు ముసలాయన కొనడు.
"సుమ్మాన్" అని ట్రే మీదికి వంగి
మేత వాసన పీల్చుకొని పోతాడు.
చిన్నప్పుడు సముద్రం ఒడ్డున వలలు కట్టేవాళ్లంట,
నీళ్లు దాటి దాటి రెక్కలు పడిపోయిన పిట్టలు
తమంతట తామే వచ్చి పడేవంట.
నా గొంతులో మాట వచ్చి ఆగిపోయింది.
చెప్పడానికి అరబ్బీ చాల్లేదు.

మా నాయన గుర్రం వెంట్రుకలతో ఉచ్చులు పేనేవాడు.
కొర్రచేను గట్టున తెల్లారుజామున
బుట్టలో ఒక పిట్టను పెట్టేవాడు. పెంచిన పిట్ట.
దానికి మేత కరువు లేదు, నీళ్ల కరువు లేదు.
అది పిలుస్తుంది.
చేలో తిరిగేవి ఆ గొంతు నమ్మి వస్తాయి.
అది అబద్ధం చెప్పేది కాదు పాపం.
దానికి తెలిసిన పాట అదొకటే.

ఇరవై ఏండ్ల కింద ఓబుళ్రెడ్డి మామ ఫోన్ చేసినాడు:
"రాప్పా, ఈడ బాగుండాది."
ఆ పొద్దు నాకు ఆ బుట్ట గుర్తుకు రాలేదు.

నిన్న రాత్రి మా చెల్లెలి కొడుకు గొంతు పంపినాడు.
"మామా, ఆడ ఎట్లుంటాది? నాకూ ఒక వీసా చూడు."
నాలుగుసార్లు విన్నాను.
వెనక మోటారుసైకిలు, ఎవరో నవ్వు.
జవాబు చెప్దామని బటన్ ఒత్తిపట్టినాను.
వేడి గురించి చెప్పాలా,
నెల నెలా పోయే దుడ్డు గురించా,
గోనెసంచుల కప్పు గురించా?
నేను నోరు తెరవకముందే
పక్క బోనులో మగపిట్ట మెడ సాచి
మూడుసార్లు పిలిచింది.

బొటనవేలు ఇంకా తీయలేదు.