నాలుగో దీపం

కాఫీ చల్లారకముందే
రౌటర్‌ని గోడ మీంచి దించి ఒళ్ళో పెట్టుకున్నాను.
మూడు దీపాలు పచ్చగా,
నాలుగోది ఎర్రగా
రెప్ప వెయ్యకుండా నన్నే చూస్తోంది.

స్టీల్ ప్లాంటులో లేడిల్ క్రేన్ నాది.
నూటయాభై టన్నుల మరిగే ఉక్కుని
ఒక్క లీవరుతో ఎత్తి, చుక్క ఒలక్కుండా దించుతాను.
వీక్లీ ఆఫ్ నాడు
మినపగింజంత దీపం మాట వినదు.

నూకరత్నం దగ్గర పిన్నీసు అడిగి
వెనక చిల్లులో గుచ్చి, పది లెక్కపెట్టాను.
"దిష్టి తీస్తన్నావేటి?" అంది.
పాత పాస్‌వర్డే మళ్ళీ కొట్టాను
కరెంటు బిల్లు వెనక రాసుకున్నది,
ఆ బిల్లు దొరకడానికి గంట.

కస్టమర్ కేర్ అమ్మాయి
ఆపి మళ్ళీ వెయ్యమంది.
మూడోసారికి ఆమె గొంతూ అలిసిపోయింది.

మధ్యాహ్నం దాటాక డాబా మీద,
ట్యాంకు పక్కన, వైరు జాయింటు విప్పితే
రాగి నిండా పచ్చటి చిలుం.
పెదగంట్యాడలో అంతే.
గంగవరం నుంచి ఉప్పుగాలి, పోర్టు నుంచి బొగ్గుపొడి
ఆరేసిన చొక్కాలతో ఆగవు,
మాటలు నడిచే దారిని కూడా నాకేస్తాయి.

పాత టూత్‌బ్రష్‌తో తోమాను.
కొత్త క్లిప్పు బిగించి
సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.

కిందనుంచి కేక
మా ఇంట్లోంచి కాదు,
రెండో అంతస్తు అప్పలనర్సయ్య గారిది:
"వచ్చింది బాబూ, వచ్చీసింది!"

ఆయనకి పాస్‌వర్డు చెప్పిన గుర్తు లేదు నాకు.
బట్టలు తీస్తున్న నూకరత్నం వైపు చూశాను.
ఆవిడ సముద్రం వైపు చూసింది.