పొట్టు

పెయిప్సి సరస్సు ఒడ్డున, కోల్క్యాలో
ఊరంతా ఒకే వీధి.
వీధి పొడుగునా వసారాల్లో
జడలల్లి వేలాడదీసిన ఉల్లి.
తల్లి చెయ్యని మేలు ఉల్లి చేస్తుందంటారు.
మా మేనత్త ఫెవ్రోన్యాకి తల్లి గుర్తులేదు.
ఉల్లి గుర్తుంది.

తార్తులో నేను
పరీక్షనాళికలు కడిగే పనితో మొదలై
వాటిలో ఏముందో రాసే దాకా వచ్చాను.
ఏటా ఈస్టర్ ముందు వారం బస్సెక్కుతాను
రెండు ఖాళీ గోనెసంచులతో.
"గడ్డలు వద్దూ?"
"వద్దత్తా, పొట్టు చాలు."
"చదువుకున్నవాళ్ళు," అంటుంది పొయ్యితో,
"తిండి వదిలి చెత్త మోసుకుపోతారు."

చెత్త కాదని ఆమెకూ తెలుసు.
పొట్టు మరుగుతున్న కుండలోకి
తెల్లగుడ్లు ఒక్కొక్కటే జారవిడుస్తుంది.
కాసేపటికి తేనెరంగు,
ఇంకాసేపటికి రాగిబిందె,
మరిచిపోతే ఎండిన నెత్తురు.
ఆమె మరిచిపోదు.

ఆ రంగుకి మా దగ్గర పేరుంది: క్వెర్సెటిన్.
ఇంటిపేరు ఫ్లేవనాయిడ్.
పసుపు అని అర్థమిచ్చే
పాత లాటిన్ మాటలోంచి పుట్టింది.
మొక్క తనకోసం చేసుకున్నది,
మనల్ని తలుచుకుని కాదు.
ఎండ కాల్చకుండా ఒక గొడుగు,
బూజు చొరబడకుండా ఒక గడియ.
కాళ్ళు లేని ప్రాణి ఎక్కడికి పారిపోతుంది?
నిలబడ్డచోటే మందు వండుకుంటుంది.
ఆ వంటింట్లోకి
మనం చెప్పకుండా వెళ్ళిన చుట్టాలం.

గాజుగిన్నెలో, ఉప్పునీళ్ళలో,
ఎలుక రక్తనాళపు చిన్న ఉంగరం.
బిగుసుకుని ఉంటుంది, కోపమొచ్చిన పిల్లాడి పిడికిలిలా.
ఈ పసుపు ఒక్క చుక్క.
పిడికిలి వదులవుతుంది.
తెరమీద గీత మెల్లగా కిందికి దిగుతుంది.
అది మొదటిసారి చూసిన రోజు
భోజనం సంగతే మర్చిపోయాను.

ఇదంతా చెప్పాను, చేతులు తిప్పుతూ.
ఫెవ్రోన్యా గరిటె పక్కన పెట్టింది.
"మీ మావయ్య కల్లిస్త్రత్
రోజూ పచ్చి ఉల్లి, ఉప్పు, నల్లరొట్టె.
యాభై ఎనిమిదో ఏట మంచుమీద,
వల కన్నం పక్కనే బోర్లా పడ్డాడు.
ఆయనకెందుకు దిగలేదు
మీ గీత?"

కుండ మరుగుతోంది.
నేను పేగు గురించి మొదలుపెట్టాను:
తిన్నదాంట్లో రక్తందాకా చేరేది చాలా తక్కువ,
చేరినదాన్నీ కాలేయం వేషం మార్చేస్తుంది.
గిన్నెలోని ఉంగరానికి వోద్కా లేదు,
పడవ అప్పు లేదు,
తెల్లారుజామున మంచు తవ్వే పని లేదు.
మనుషుల మీద చూసినవి కొన్నే,
కొందరికి పోటు కాస్త తగ్గింది,
కొందరికి తగ్గలేదు.
ఇన్ని చెప్పి, ఆఖర్న,
మొదట చెప్పాల్సింది చెప్పాను:
"తెలీదత్తా."

ఆమె తల ఊపింది,
సంతలో సరైన తూకం చూసినట్టు.
"మరి డాక్టరిచ్చిన బిళ్ళ?"
"మానొద్దు."
"ఉల్లి?"
"అదీ మానొద్దు."
"ఇది చెప్పడానికి
ఎన్నేళ్ళు చదివావే?"

నవ్వుతూ బిళ్ళ మింగింది,
ఉల్లిముక్క కొరికి.

బస్సులో గోనెలు రెండూ ఒళ్ళో పెట్టుకున్నా
పిల్లికూన బరువు లేవు.
కదిలినప్పుడల్లా గలగల,
ఎవరో చాటున కాగితాలు తిరగేస్తున్నట్టు.
నా గోళ్ళ కింద పసుపు.
ఆమె గోళ్ళ కింద డెబ్భై ఏళ్ళ పసుపు.

ల్యాబులో సంచి బోర్లిస్తే
పొట్టు నడుమ ఒక గుడ్డు,
పగలకుండా పాత జేబురుమాలులో చుట్టి.
రాగిరంగు మీద
ఒక కొత్తిమీర ఆకు ఆనుకున్న చోట మాత్రం
తెల్లగా మిగిలిపోయింది.
రంగు చేరని చోటు.
ఆ వారం లెక్కల కింద, నోటుపుస్తకంలో,
ఆ ఆకు ఆకారం గీసి పెట్టాను.
కింద ఏమీ రాయలేదు.

గుడ్డు రెండ్రోజులు దాచాను.
మూడో రోజు ఆకలేసింది.
ఉప్పుతో తిన్నాను.