మంగళవారం కరపత్రం

మత్సుయామాలో మా సూపర్ మార్కెట్ కరపత్రం
మంగళవారం చీకటితోనే పత్రిక మడతలోకి దూరుతుంది.
రెండువైపులా కలిపి నూట డెబ్బై నాలుగు సరుకులు.
పసుపు నేల, ఎర్ర నక్షత్రాలు,
నక్షత్రం కడుపులో ధర,
ధర పక్కన పన్నుతో కలిపి ధర,
దాని కింద చీమతలంత అక్షరాల్లో
'ఇంటికి ఒక్కటే.'
సూది మోపే సందు లేదు.

నేను టోక్యోలో చదువుకుని వచ్చాను.
అంటే, ఖాళీని చదువుకుని వచ్చాను.
తెల్ల కాగితం నడిమధ్యన ఒక్క బేరిపండు.
మా మాస్టారు ఆ తెలుపుని ఊపిరి అనేవారు.

కుసాకాబే గారు ముప్పై ఒక్క ఏళ్లుగా
ఈ కాగితం నింపుతున్నారు.
నా ఊపిరి మాట విని
'చదరపు అంగుళం ఎంత పడుతుంది?' అన్నారు,
మౌస్ మీంచి చెయ్యి తియ్యకుండానే.

ఆవిడ కంటి ఆపరేషన్‌కి సెలవు పెట్టిన వారం
నా చేతికొచ్చింది పేజీ.
పన్నెండే సరుకులు. తక్కినదంతా తెలుపు.
అచ్చయి వచ్చాక గోడకి అంటించి
టీ చల్లారిపోయేదాకా చూసుకున్నాను.

తొమ్మిదింటికి ఫోన్లు మొదలయ్యాయి.
'టోఫూ ఇక అమ్మరా?'
'కొట్టు మూసేస్తున్నారటగా?'
కొండ మీది పేట నించి ఒక ముసలావిడ
చాలాసేపు ఏమీ మాట్లాడక, చివరికి
'మిగతావి ఎందుకు దాచారు బాబూ' అంది.

కంటికి గంతతో తిరిగొచ్చిన కుసాకాబే గారు
తిట్టలేదు.
పాత కరపత్రం ఒకటి పరిచి
ఎర్ర పెన్సిల్‌తో నడిపించారు:
కానాగంత చేప పక్కన అల్లం,
అల్లం కింద సోయా సాస్,
అక్కణ్ణించి ముల్లంగి, సగం ముక్క,
ఒంటరివాళ్లకి సగం చాలు కాబట్టి.
'నీకిది జాబితాలా కనపడుతోంది.
వాళ్లకి ఇది ఇవాళ్టి రాత్రి భోజనం.'
గుడ్లు ఎప్పుడూ కుడివైపు పైమూల.
గుడ్ల ధర నమ్మితేనే
మనిషి కిందికి దిగుతాడట.

ఆ తరవాత ఆరేళ్లు నేనూ నింపాను.
నాకూ అర మిల్లీమీటరు కనపడ్డం మొదలైంది.

ఈ వసంతంలో రోటర్‌డామ్ నించి ఉత్తరం.
సాన్నె హోఖ్‌లాండ్ అనే డిజైనర్.
అక్కడ ఇప్పుడు కిక్కిరిసిన పేజీలదే ఫ్యాషనట,
తెలుపు చూసి చూసి జనానికి మొహం మొత్తిందట,
వెబ్‌సైట్లలో మూలమూలకీ అక్షరాలు కుక్కుతున్నారట.
మా కరపత్రాలు ప్రదర్శనకి పెడతారట,
తెల్ల గోడ మీద,
ఒక్కోదానికీ మధ్య
రెండు మీటర్ల ఖాళీతో.

చదివి వినిపిస్తే కుసాకాబే గారు
నవ్వుతారేమో అనుకున్నాను.
ఆవిడ జాబితా లాక్కుని చూసి
'మూడోది వద్దు' అన్నారు.
'అందులో టోఫూ తప్పు పడింది.
ముప్పై ఎనిమిదికి ఎనభై మూడు.
గుమ్మంలో మనిషిని నిలబెట్టి
సాయంత్రందాకా క్షమాపణ చెప్పించాం.'

కానీ వాళ్లకి మూడోదే కావాలి.
రంగులు బావున్నాయట.

నిన్న సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక
ఆవిడ కత్తెర తీసి
గోరంత చీటీ కత్తిరించారు:
'సవరణ. టోఫూ 38.'
జిగురు ఆరేదాకా వేలితో నొక్కిపట్టారు.
ఉల్లికాడలకీ బట్టల సబ్బుకీ మధ్య
ఆ చీటీ పట్టే చోటొకటి ఉంది.
నేను వెతికితే కనపడలేదు.