కాస్త లోపలికి జరిపి

మంచు తోసే బండి రెండోసారి వీధి దాటిపోయింది.
తలుపు మీది పలకని "మూసి ఉంది" వైపు తిప్పి
ఐలి నిస్కనెన్ చిట్టా తెరిచింది.
గాలాల కొట్టు. ఎర చేపల తొట్టి
చీకట్లో తనలో తాను గుడగుడమంటోంది.
బయట సుపీరియర్ సరస్సు గడ్డకడుతూ పళ్ళు కొరుకుతోంది.

జనవరి పదకొండు.
నగదు ఖాతా, డెబిట్, నలభై మూడు డాలర్లు.
కింది పంక్తి కాస్త లోపలికి జరిపి
    అమ్మకాల ఖాతా, క్రెడిట్, నలభై.
దాని కిందే, అదే వరసలో
    చెల్లించవలసిన అమ్మకం పన్ను, క్రెడిట్, మూడు.
వివరణ: మంచు తొలిచే బర్మాకి కొత్త బ్లేడు.

ఒకప్పుడు ఆ మూడు దగ్గరే ఇల్లు కాలింది.
చేతికొచ్చింది మనదేగా అనేవాడు ఓర్వో.
సొరుగులో వేశాడు, సొరుగులోంచి తీశాడు,
పడవకి మోటారు కొన్నాడు.
ఎర్రటిది. అవతలి ఒడ్డుక్కూడా వినబడేది.
సొమ్మొకడిది సోకొకడిది అన్న మాటనే
సెయింట్ పాల్ ఆఫీసు మర్యాదగా ఉత్తరం రాసింది,
జరిమానా వేరే పంక్తిలో.
మోటారు అమ్మేశారు.
దీనికీ పన్ను కట్టాలా అని ఓర్వో అడిగిన తీరు తలుచుకుని
ఆమె ఇప్పటికీ ఒక్కతే నవ్వుకుంటుంది.

అప్పట్నుంచి ఆ మూడు
పొరుగువాళ్ళు ఊరెళ్తూ ఇచ్చిపోయిన తాళంచెవి.
మేకు మనదే, తలుపు మనది కాదు.

టోర్‌వాల్డ్ వల పట్టుకెళ్ళాడు, అరువు.
పైకం ఇంకా రాలేదు, పన్ను మాత్రం ఆ పూటే పుట్టింది.
ఉన్ని చేతి తొడుగులు, పద్దెనిమిది.
వాటికి రెండు పంక్తులు చాలు, ఈ రాష్ట్రంలో బట్టకి పన్ను లేదు.
చలి ఎరిగినవాడెవడో రాసి ఉంటాడు ఆ చట్టం.

ఇక ఆ పిల్లాడి పద్దు.
ఆన్సెల్, పదేళ్ళుంటాయేమో.
ఆకుపచ్చ చుక్కల రేకు చేప మీద వేలు పెట్టాడు.
చీటీ మీద నాలుగు డాలర్లు.
గుప్పిట్లో నాలుగు డాలర్లు, అంతా చిల్లర,
ఇంట్లో మూడుసార్లు లెక్కపెట్టిన వేడి ఇంకా తగ్గలేదు.
ఇంకో ముప్ఫై సెంట్లు అంది యంత్రం.
వాడు చీటీని చూశాడు, ఆమెని చూశాడు,
అబద్ధమాడింది ఎవరో తేల్చుకుంటున్నట్టు.
"సరిపోయింది" అంది ఐలి.

సరిపోలేదు. రాత్రి చిట్టాకి అది తెలుసు.
ఓ దారుంది, నాలుగులోనే పన్ను కలిసుందనుకుని
అమ్మకం మూడు డెబ్భై రెండు, పన్ను ఇరవై ఎనిమిది.
రెండు పక్కలూ తూగుతాయి, ఎవరూ అడగరు.
కానీ చీటీ మీద నాలుగు వేసింది తనే, తన చేత్తో.
లేచి కోటు జేబు తడిమింది.
పావలా ఒకటి, ఐదు సెంట్ల బిళ్ళ ఒకటి.
పెట్టెలో పడిన చప్పుడు విన్నాకే
నగదు నాలుగూ ముప్ఫై అని రాసింది.
వివరణ దగ్గర కలం ఆగింది.
చాలాసేపు ఆగింది.
"రేకు చేప, ఒకటి."

మార్చిలో, మంచు మెత్తబడి ఎవరూ సరస్సు మీద అడుగు పెట్టని రోజు,
వాడొచ్చి పది సెంట్ల బిళ్ళలు మూడు
బల్ల మీద వరసగా పేర్చాడు.
వద్దనబోయింది.
వద్దంటే అవి వాడి వెంట
ఎన్నేళ్ళు బాకీలా తిరుగుతాయోనని తీసుకుంది.
చేప పడిందా అంటే
రేకు చేపని రాయి మింగేసిందన్నాడు.

ఆ రాత్రి చిట్టా తెరిచి, మళ్ళీ ఆలోచించింది.
కొట్టుకి రావలసిందేమీ లేదు.
ఆ ముప్ఫై కోటుది. కోటుకి చిట్టా లేదు.

తర్వాత ఆ నెల చెక్కు రాసింది.
చెల్లించవలసిన అమ్మకం పన్ను, డెబిట్, రెండు వందల పదకొండు.
    నగదు, కాస్త లోపలికి జరిపి.
బాకీ సున్నా.
పొద్దున ఎనిమిది దాకా.
గంట మోగింది, ఎవరో బూట్లు దులుపుకుంటూ
ఓ డబ్బా పురుగులు కావాలన్నారు.