ఎర్ర సిరా, ఎన్నూరు దాకా

కొరుక్కుపేటలో సాయంత్రం బండెక్కితే
సీటు దొరకదు.
తలుపు పక్కన, ఖాళీ చేపల గంపల మధ్య
చున్నీ పరిచి కూలబడతాను
ఒళ్లో నలభై రెండు నోటు పుస్తకాలు.
తొమ్మిదో తరగతి, బి సెక్షను.
హైస్కూలు గడపలో ఇంకా ఒక కాలే పెట్టినవాళ్లు.

మీకు తెలిసిన ఒక పనిని
వరుసగా, ఇంగ్లీషులో, పది వాక్యాల్లో రాయండి
అన్నాను.
పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ టీ కాయడం.
ఇంకేం, స్టాఫ్ రూములో దిద్దిన సగంలోనే
పద్దెనిమిది మంది టీ కాచారు.
అందరి టీలోనూ చక్కెర రెండే చెంచాలు.
ఎళిలరసి మటుకు అల్లం దంచింది.
ఆ మాట స్పెల్లింగు లొంగక
అల్లం కొమ్ము బొమ్మ గీసింది.
అర మార్కు వేశాను. బొమ్మ బాగుంది.

తండయార్‌పేట.
దినకరన్ గాలిపటానికి మాంజా పూస్తున్నాడు.
గాజుపెంకులు నూరడం దాకా వచ్చి
ఏడో వాక్యం దగ్గర ఆపేశాడు.
మిగతా మూడూ ఏవిరా అంటే
ఏమంటాడో నాకు తెలుసు:
"పోలీసులు చదువుతారు మిస్."

తర్వాతిది పోలేశ్వరి.

క్లాసులో పాఠం పైకి చదవమంటే
ప్రతి ఇంగ్లీషు మాట నెత్తిన
పెన్సిలుతో చిన్న అరవ అక్షరాలు రాసుకుని
వాటిని పట్టుకుని నడుస్తుంది,
వంతెన కమ్మీ పట్టుకున్నట్టు.
ఇంట్లో మాట తెలుగు.
ఒకసారి వరండాలో నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే
నిలబడిపోయి విన్నది.
"మిస్, మీదీ మా ఇంటి మాటేనా!"
రాయడం వచ్చా అని అడిగాను.
తెలుగు అక్షరాలు
తిరుపతి బస్సు నుదుటి మీద చూశానంది.

పోలేశ్వరికి తెలిసిన పని
నీళ్లు పట్టడం.
ఇంగ్లీషులోనూ పట్టడమే అని రాసింది,
బంతిని పట్టినట్టు, దొంగను పట్టినట్టు, క్యాచ్ అని.

లారీ రాత్రి మూడింటికి వస్తుంది.
ముందు బిందె వెళ్లి నిలబడాలి.
బిందె మా పేరు.
నిద్రపోతే పక్కింటివాళ్లు మా పేరును వెనక్కి జరుపుతారు.

తిరువొత్తియూరులో
క్యాచ్ కింద ఎర్రగీత పెట్టాను.
పైన ఫిల్ అని రాయబోయాను.
బండి ఊగి, సిరా చుక్క పడింది.

నేనూ ఈ ఈడున ఉన్నప్పుడు
ఇంగ్లీషు వ్యాసంలో
నాన్న చేత దెబ్బలు తిన్నాను అని రాశాను,
తినడం అంటే తినడమే అనుకుని.
ఆ తప్పుకు సారు చేత మళ్లీ తిన్నాను.
ఆ రోజు నుంచి నా ఇంగ్లీషులో
ఎవరూ దెబ్బలు తినలేదు.

నీళ్లు కుళాయిలో ఉంటే నింపుకుంటారు.
లారీ గొట్టం లోంచి
నలుగురి మోచేతుల మధ్య తప్పించుకుపోయేవాటిని
పట్టుకోకపోతే ఏం చేస్తారు?

అలాగని పబ్లిక్ పరీక్ష దిద్దే ఆయన
పోలేశ్వరి వీధికి వస్తాడా,
రాత్రి మూడింటికి?

ఎర్ర పెన్ను మూశాను.
బ్యాగు అడుగున పెన్సిలు వెతికి
ఆ మాటను కొట్టేయకుండా
దాని నెత్తిన, చిన్నగా, ఫిల్ అని రాశాను,
పోలేశ్వరి రాసుకున్నట్టే.
ఇది న్యాయమో పిరికితనమో
ఎన్నూరు దగ్గరపడుతున్నా తేలలేదు.
బూడిద వాసన వస్తోంది.

తొమ్మిదో వాక్యం: తర్వాత బడికి వెళ్లాలి.
పదో వాక్యం: ఇంగ్లీషు పీరియడులో నిద్ర వస్తుంది, సారీ మిస్.
పేజీ మొత్తం మీద
సారీ ఒక్కదానికే స్పెల్లింగులో తప్పు లేదు.

ఎన్నూరులో గంపలవాళ్లు దిగారు.
కిటికీ పక్క సీటు దొరికింది.
ఇంకా పదిహేడు పుస్తకాలు, అన్నీ టీయే అయ్యుంటాయి.
తడ వచ్చేదాకా
నాకూ నిద్ర వస్తోంది.