ఎడమ మడ్గార్డు

టోరినోలో, ట్రాము షెడ్డు వెనక సందులో,
టేపు పట్టిన కుర్రాడు తల గోక్కున్నాడు:
"కుడిదాని కన్నా ఇది నాలుగు మిల్లీమీటర్లు ఎత్తు."

కింద అంతా మామూలు కారే.
పాలవాడూ పంతులమ్మా నడిపిన ఇంజనే,
అదే గేరు, అదే గొణుగుడు.
పైన మాత్రం ఎర్మెతే
ఇసుక సంచి మీద అల్యూమినియం రేకు పరిచి
కొయ్య సుత్తితో తట్టి తట్టి
ఏటి రాయంత నునుపు తెచ్చాడు.
ఏడు చేశాడు. మిగిలింది ఇదొక్కటి.

"సరిచేసెయ్యనా?"

ఎనభై దాటిన డెల్ఫీనా
కళ్లజోడు కొంగు లేని గౌనుకే తుడుచుకుంది.
"ఆ వారం ఆయన కుడి భుజం పట్టేసింది.
ఎడంచేత్తో కొట్టాడు.
రేకు పట్టుకున్నది నేనే,
తిడుతూ."

కుర్రాడు టేపు వదిలేశాడు.
అది చటుక్కున
డబ్బీలోకి పోయింది.